హెచ్‌ఐవీ ఉన్న టీనేజీ పిల్లల్లో విడవని దగ్గు, దమ్ము: ఇంట్లో ఏం చూడాలి, దవాఖానలో ఏం అడగాలి

పుట్టుకతోనో, తల్లిపాల ద్వారానో హెచ్‌ఐవీ సోకి ఇప్పుడు పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల మధ్య ఉన్న పిల్లల గురించి, వాళ్లను పెంచుతున్న అమ్మమ్మలు, మేనమామలు, హాస్టల్ వార్డెన్ల కోసం ఇది. పిల్లవాడు గోలీలు తప్పకుండా వేసుకుంటున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అదుపులోనే ఉంది, అయినా దగ్గు పోదు. రెండంతస్తులు ఎక్కితే దమ్ము వస్తుంది. తోటివాళ్లు కబడ్డీ ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. ఇంట్లో 'వాడి ఒంటి తీరే అంత' అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సిరప్ ఇస్తాడు, ఇంకోచోటికి పోతే మళ్లీ టీబీ కోర్సు మొదలుపెడతారు.

ఇది ఒంటి తీరు కాదు. చాలామందిలో టీబీ కూడా కాదు. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) అందకముందు పసితనంలో పదే పదే వచ్చిన నిమోనియా, టీబీ, వైరస్ జ్వరాలు ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలను దెబ్బతీస్తాయి. అక్కడ మచ్చకట్టి గొట్టం ఇరుకైపోతుంది. పీల్చిన గాలి లోపలే చిక్కుకుంటుంది. దీన్ని ఆబ్లిటరేటివ్ బ్రాంకియోలైటిస్ అంటారు. మరికొందరిలో కాస్త పెద్ద గొట్టాలు సాగిపోయి, తెమడ నిలిచే గుంతల్లా మారతాయి. అది బ్రాంకియెక్టాసిస్. కొందరికి రెండూ ఉంటాయి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006లో వచ్చింది. సీడీ4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా అందరికీ మందు ఇవ్వాలన్న నిర్ణయం 2017లో జరిగింది. ఈ నడుమ పుట్టి, మందు ఆలస్యంగా అందిన పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతుంది. ఏఆర్‌టీ పాత మచ్చను మాన్పదు. కొత్త మచ్చ పడకుండా కాపాడుతుంది, అందుకే దాన్ని ఒక్కరోజు కూడా తప్పకూడదు.

ముందుగా ఒక నోటుబుక్కు

ఈ పిల్లలకు ఎప్పుడూ దగ్గు ఉంటుంది కాబట్టి 'దగ్గు ఉందా?' అని అడిగి లాభం లేదు. 'మామూలు కంటే మారిందా?' అని అడగాలి. అలా అడగాలంటే మామూలు ఎంతో ముందే రాసిపెట్టుకోవాలి. ఒంట్లో బాగున్న వారంలో, వరుసగా మూడు పొద్దులు, ఈ కింది లెక్కలు తీయండి.

ఊపిరి లెక్క: పిల్లవాడు పది నిమిషాలు ఊరికే కూర్చున్నాక, వాడికి చెప్పకుండా, పొట్ట లేదా ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. ఈ వయసులో 20 లోపు మామూలు. కూర్చున్నప్పుడే 25 దాటుతూ ఉంటే ఏఆర్‌టీ డాక్టర్‌కు చెప్పాలి. 30 దాటితే ఆ రోజే చూపించాలి.

ఆక్సిజన్ శాతం: వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ సరిపోతుంది. చేయి చల్లగా ఉంటే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది. చలికాలం పొద్దున ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఇది తరచూ జరుగుతుంది, ముందు అరచేతులు రుద్ది వెచ్చబరచండి. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ లేని వేలు ఎంచుకోండి. పెట్టిన వెంటనే వచ్చే అంకె రాయకండి, ఒక నిమిషం ఆగి, నిలకడగా ఉన్న అంకె రాయండి. 95, అంతకుపైన ఉంటే మంచిది. బాగున్న రోజునే 92 లేదా అంతకు తక్కువ ఉంటే ఛాతీ డాక్టర్ చూడాల్సిందే.

కూర్చున్నప్పుడు 97 చూపించి నడిస్తే పడిపోయే పిల్లలు చాలామంది. కాబట్టి ఇంకో పరీక్ష చేయండి. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలడో లెక్కపెట్టండి. ఆక్సీమీటర్ వేలికే ఉండాలి, అయిపోయాక ఇంకో నిమిషం కూడా చూస్తూ ఉండండి, ఎందుకంటే అంకె ఆలస్యంగా పడుతుంది. నాలుగైదు పాయింట్లు పడితే అది డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. 88 కంటే కిందికి పోయినా, కళ్లు తిరిగినా, ఛాతీ నొచ్చినా అక్కడే ఆపేయండి. బాగున్న రోజునే 92 లేదా తక్కువ ఉన్న పిల్లలకు ఇంట్లో ఈ పరీక్ష పెట్టవద్దు.

తెమడ: పొద్దున లేచాక వచ్చేది ఎన్ని చెంచాలు, ఏ రంగు. తెల్లగా ఉండేది పచ్చగా మారిందా, చిక్కబడిందా. దీనితోపాటు నెలకోసారి బరువు, మూడు నెలలకోసారి ఎత్తు.

వేళ్లు కూడా చూడండి. రెండు చేతుల బొటనవేళ్ల గోళ్లను ఒకదానికొకటి ఎదురెదురుగా ఆనించి వెలుతురుకు పట్టుకుంటే, మామూలు వేళ్ల మధ్య గోరు మొదట్లో పేకముక్కల డైమండ్ గుర్తులాంటి చిన్న సందు కనిపిస్తుంది. ఆ సందు మూసుకుపోయి, వేలి కొసలు ఉబ్బి, గోళ్లు చిలుక ముక్కులా వంగి ఉంటే ఊపిరితిత్తుల్లో జబ్బు చాలాకాలంగా ఉండి ఉండవచ్చు.

టీబీని పక్కన పెట్టాలంటే రుజువు కావాలి, మొదలుపెట్టాలన్నా రుజువు అడగాలి

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు నిజంగానే ఎక్కువ. 'ఇది పాత మచ్చే' అనుకుని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అటు, రుజువు లేకుండా మూడోసారి, నాలుగోసారి ఆరు నెలల కోర్సు వేసినా పిల్లవాడు నలిగిపోతాడు, అసలు జబ్బు దొరకదు. దగ్గు మామూలు కంటే పెరిగినా, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లేదా పెరగాల్సినంత పెరగకపోవడం, ఇంట్లో ఎవరికైనా టీబీ రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెమడ పరీక్ష చేయించండి. సూక్ష్మదర్శిని కింద చూసి 'నెగెటివ్' అంటే చాలదు, టీబీ క్రిమి జన్యువును పట్టుకునే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష అడగండి. ప్రభుత్వ దవాఖానల్లో ఇవి ఉచితం. పిల్లవాడు బాగా నీరసించి ఉంటే, సీడీ4 తక్కువ ఉంటే మూత్రంతో చేసే టీబీ లామ్ పరీక్ష గురించి కూడా అడగండి.

చాలాసార్లు పరీక్ష విఫలమయ్యేది డబ్బా దగ్గరే. ఉమ్మి పట్టుకొస్తారు, తెమడ కాదు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, నలుగురూ లేనిచోట నిలబడి రెండుసార్లు లోతుగా ఊపిరి పీల్చి వదిలి, మూడోసారి కడుపు లోతు నుంచి దగ్గాలి. చిక్కగా, జిగటగా వచ్చిందే తెమడ. 2 నుంచి 5 మిల్లీలీటర్లు ఉండాలి. నీళ్లలా పలుచగా, నురగగా ఉంటే మళ్లీ ప్రయత్నించండి.

టీబీ తేలితే ఒక్క మాట తప్పక అడగండి: ఏఆర్‌టీ మోతాదు మార్చాలా? రిఫాంపిసిన్ అనే టీబీ మందు వాడుతున్నప్పుడు డోల్యుటెగ్రావిర్ అనే ఏఆర్‌టీ మందు రక్తంలో తగ్గిపోతుంది, అందుకే రోజుకు ఒకటి వేసుకునే 50 మిల్లీగ్రాములు పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు ఇస్తారు. టీబీ మందు ఆపాక కూడా రెండు వారాలు అలాగే కొనసాగిస్తారు. లోపినావిర్, రిటోనావిర్ అనే ఏఆర్‌టీ మందుల మీద ఉన్నవాళ్లకు రిఫాంపిసిన్ మామూలుగా పొసగదు, దానికి బదులు రిఫాబ్యూటిన్ వాడతారు. టీబీ ఒకచోట, ఏఆర్‌టీ ఇంకోచోట చూపించుకునే పిల్లల విషయంలో ఇది జారిపోతుంది. రెండు కార్డులూ ఒకే సంచిలో పెట్టి, రెండుచోట్లా రెండూ చూపించండి. టీబీ లేదని తేలితే, టీబీ రాకుండా ఇచ్చే ఆరు నెలల ఐసోనియాజిడ్, బీ6 గోలీలు ఇంతకుముందు పూర్తి చేశారో లేదో కనుక్కోండి.

ఊదే పరీక్ష

ఎక్స్‌రే బాగుందంటే ఊపిరితిత్తులు బాగున్నట్టు కాదు. సన్నని గొట్టాల జబ్బు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష కావాలి. పెద్ద దవాఖానల ఛాతీ విభాగాల్లో ఉంటుంది. వరంగల్ ఎంజీఎంలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది కాబట్టి అక్కడి డాక్టర్‌తోనే రెఫరల్ రాయించుకోవడం సులువు. అక్కడ కాకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. టీబీ అనుమానం ఉన్నప్పుడు తెమడ ఫలితం వచ్చాకే ఊదాలి. మూసిన గదిలో గట్టిగా ఊదితే పక్కవాళ్లకూ ముప్పు.

పరీక్షకు ముందు నాలుగైదు గంటలు సాల్బుటమాల్ (గొట్టాలను తెరిచే ఇన్‌హేలర్ మందు) పీల్చవద్దు, కడుపునిండా తినవద్దు. చెప్పులు తీసి, మడమలు గోడకు ఆనించి ఎత్తు కొలిపించండి. ఈ పిల్లల్లో చాలామంది వయసుకు తగ్గ ఎత్తు ఉండరు, లెక్కంతా ఎత్తు, వయసు, ఆడా మగా అన్నదాని మీదే నడుస్తుంది. ఎత్తు పాత కార్డులోంచి చూసి రాస్తే ఫలితం తప్పుతుంది. ఊదేటప్పుడు నిటారుగా కూర్చుని, నిండా పీల్చి, పెదవులు గొట్టం చుట్టూ బిగించి, ఒక్కసారిగా బలంగా ఊది, ఆరు సెకన్లపాటు లేదా ఇక గాలి లేదనేదాకా ఆపకూడదు. కనీసం మూడు మంచి ఊదులు రావాలి, వాటిలో మేలైన రెండింటికీ మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడ: మెల్లగా మొదలుపెట్టడం, మొదటి సెకనులోనే దగ్గడం, పెదవి పక్కనుంచి గాలి పోవడం, నాలుక గొట్టానికి అడ్డం రావడం. ఇంట్లో ముందురోజు పుట్టినరోజు కొవ్వొత్తులు ఆర్పినట్టు కాకుండా, బెలూన్ ఊదినట్టు కూడా కాకుండా, నోరు గుండ్రంగా తెరిచి 'హా' అని ఒక్క ఊపులో వదిలేయడం నేర్పండి.

తరువాత స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య పెట్టే గొట్టంతో, నాలుగు పఫ్‌లు సాల్బుటమాల్, అంటే 400 మైక్రోగ్రాములు ఇచ్చి, పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, రిపోర్టులో ఎఫ్‌ఈవీ1 అని రాసేది, 12 శాతానికి పైగా, పెద్ద పిల్లల్లో 200 మిల్లీలీటర్లకు పైగా పెరిగితే ఉబ్బసం వైపు చూస్తారు. ఏమీ మారకపోతే అది మచ్చకట్టిన గొట్టం కావచ్చు. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్లకేళ్లు ఉబ్బసం మందు వాడే పిల్లలు ఉన్నారు. సీటీ స్కాన్ రాస్తే, ఊపిరి నిండా పీల్చినప్పుడు ఒకసారి, పూర్తిగా వదిలాక ఒకసారి తీయమని డాక్టర్‌తోనే రాయించండి. వదిలినప్పుడు తీసిన బొమ్మలోనే గాలి చిక్కుకున్న చోట్లు నల్లటి మచ్చల్లా బయటపడతాయి.

ఇన్‌హేలర్ ముందు ఏఆర్‌టీ కార్డు చూపించండి

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. లోపినావిర్ లేదా అటజనావిర్‌తోపాటు రిటోనావిర్ వాడుతున్న పిల్లవాడికి బ్యుడెసొనైడ్ లేదా ఫ్లూటికాసోన్ ఉన్న ఇన్‌హేలర్ ఇవ్వకూడదు. రిటోనావిర్ ఆ స్టెరాయిడ్‌ను కాలేయం కరిగించకుండా అడ్డుకుంటుంది, పీల్చిన కొద్ది మందే ఒంట్లో పేరుకుపోతుంది. వారాల్లో ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట పెరగడం, చర్మం మీద చారలు, నీరసం వస్తాయి. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. ఇన్‌హేలర్లలో ఉండే సాల్మెటరాల్ కూడా రిటోనావిర్‌తో వద్దు, గుండెదడ వస్తుంది. స్టెరాయిడ్ తప్పనిసరైతే బెక్లోమెథాసోన్ మేలు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మీరే ఆపేయకండి, అదీ ప్రమాదమే, డాక్టర్ దగ్గరికి పొండి. డోల్యుటెగ్రావిర్ మీద ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

దమ్ముకు ఊళ్లో ఇచ్చే డెక్సామెథాసోన్, బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూదులు, చిన్న తెల్లగోలీలు రెండు రోజులు హాయిగా అనిపిస్తాయి. టీబీ ఉంటే అది చాటుగా పెరిగిపోతుంది. ఎంత దమ్మున్నా వాటికి ఒప్పుకోకండి.

అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి చాలామంది అడుగుతారు. జింబాబ్వే, మలావీ దేశాల్లో ఇలాంటి 6 నుంచి 19 ఏళ్ల పిల్లలు 347 మందికి 48 వారాలపాటు వారానికోసారి ఇచ్చి చూశారు, ఫలితాలు 2020లో వచ్చాయి. ఊదే శక్తి పెరగలేదు. కానీ జబ్బు ఉన్నట్టుండి ముదిరే సందర్భాలు తగ్గాయి. అంటే ఏడాదిలో పదే పదే మంచాన పడే పిల్లలకు డాక్టర్ దీన్ని ఆలోచించవచ్చు, ముందు టీబీ లేదని తేల్చి, ఈసీజీ చూసి. మెడికల్ షాపులో మూడు గోలీల పట్టీ కొని వేయడం ఇది కాదు, అలా వేస్తే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి.

స్పేసర్ లేకుండా ఇన్‌హేలర్ కొడితే మందు గొంతుకే అంటుకుంటుంది. కొనలేకపోతే అర లీటరు నీళ్ల సీసా అడుగున, ఇన్‌హేలర్ మూతి ఆకారం గీసి, కాల్చిన చాకుతో కోసి, బిగుతుగా దూర్చి చుట్టూ టేపు వేయండి. సీసా మూతి పిల్లవాడి నోట్లో ఉంటుంది. ముందుగా గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్టాటిక్ పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. ఇన్‌హేలర్ ఊపి, ఒక్క పఫ్ కొట్టి, నోరు తీయకుండా ఐదారుసార్లు నెమ్మదిగా పీల్చి వదలాలి. అర నిమిషం ఆగి రెండోది. స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

తెమడ తీయడం: బుడగల సీసా

తెమడ నిలిచే పిల్లలకు మందుకంటే ఎక్కువ మేలు చేసేది రోజూ రెండుపూటలా తెమడ తీయడమే. మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. దగ్గులో రక్తం పడుతున్నా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని ఎప్పుడైనా చెప్పి ఉన్నా చేయవద్దు.

కావలసినవి వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా, మేస్త్రీలు మట్టం చూసే లెవల్ పైపు కొత్తది అర మీటరు. పైపు లోపలి వెడల్పు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. సెలైన్ పైపు వాడకండి, అది సన్నం, ఊదడానికి మరీ కష్టమై తల తిరుగుతుంది. డబ్బాలో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, పైపు కొస అడుగుకు ఒక వేలెడు పైన ఉండేలా టేపుతో అతికించండి. డబ్బా మూత మూయకూడదు, గాలి బయటికి పోయే దారి ఉండాలి.

నిటారుగా కూర్చుని, మోచేతులు బల్ల మీద పెట్టి, ముక్కుతో కొంచెం లోతుగా పీల్చి, మూడు సెకన్లు ఆపి, పైపులోకి మూడు నాలుగు సెకన్లపాటు నెమ్మదిగా, బుడగలు వరుసగా వచ్చేలా ఊదాలి. బుగ్గలు ఉబ్బకూడదు, ఉబ్బితే ఒత్తిడి ఊపిరితిత్తికి చేరదు. పది పన్నెండుసార్లు ఊదాక, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి 'హా' అని రెండుమూడుసార్లు వదిలి, అప్పుడు దగ్గి తెమడ ఉమ్మాలి. ఇదంతా ఒక విడత. నాలుగు నుంచి ఆరు విడతలు, పదిహేను ఇరవై నిమిషాలు. ప్రతిసారీ నీళ్లు పారబోసి, డబ్బా, పైపు సబ్బుతో కడిగి, పైపును వేలాడదీసి ఆరబెట్టండి. నిలవ నీళ్లలో పెరిగే క్రిములే మళ్లీ ఊపిరితిత్తిలోకి పోతాయి.

ఆటలు మాన్పించకండి. మాట్లాడగలిగేంత వేగంతో రోజూ అరగంట నడక, మెల్లగా పరుగు కూడా తెమడను కదిలిస్తాయి.

ముదిరినప్పుడు

నోటుబుక్కులో రాసిన మామూలుతో పోల్చండి. తెమడ పెరిగి రంగు మారి, దమ్ము ఎక్కువై, రెండు రోజులైనా తగ్గకపోతే దవాఖానకు పోవాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తెమడను కల్చర్‌కు (ఏ క్రిమో పెంచి చూసే పరీక్షకు) పంపమనండి. బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లకు కోర్సు మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు ఉంటుంది, మూడోరోజు బాగనిపించగానే ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. గోలీలు నెలలకొద్దీ మానేసిన పిల్లవాడికి పొడి దగ్గు, జ్వరం, నడిస్తే ఆక్సిజన్ పడిపోవడం ఉంటే అది వేరే రకం నిమోనియా కావచ్చు, ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, పెదవులు నీలబడటం, ఆక్సిజన్ 90 కంటే తగ్గడం, మగత, ఒకటి రెండు చెంచాలకు మించి రక్తం పడటం, ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీ నొప్పితో దమ్ము: వెంటనే 108. బండి వచ్చేదాకా పడుకోబెట్టకండి, ముందుకు వంగి కూర్చోబెట్టండి. అయితే రక్తం పడుతున్నప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో తెలిస్తే మాత్రం ఆ వైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టండి.

పొగ, దుమ్ము

కట్టెల పొయ్యి పొగ, దోమల కాయిల్, సాంబ్రాణి, ఇంట్లో ఎవరో కాల్చే బీడీ, ఇవే అన్నింటికన్నా దగ్గరి శత్రువులు. మిర్చి వేయించేటప్పుడు పిల్లలను ఇంటి బయటికి పంపండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు, ఎనుమాముల మార్కెట్ పనులు, జిన్నింగు మిల్లులు, రైస్ మిల్లులు, కరీంనగర్ గ్రానైట్, గోదావరిఖని బొగ్గు: ఈ పిల్లలను సెలవుల కూలికి అటు పంపవద్దు. సిరిసిల్ల, జగిత్యాల వైపు ఇంట్లోనే బీడీలు చుట్టేవాళ్లు ఆకు, తంబాకు వేరే గదిలో పెట్టుకోవాలి. మేడారం జాతరకు పోవాలనుకుంటే రద్దీ రోజులు తప్పించి ముందో వెనకో పోయి రండి, తడిపిన తువ్వాల దుమ్మును సరిగా ఆపదు, ఎన్95 మాస్కు పెట్టించండి. ఏటా ఫ్లూ టీకా, నిమోకోకల్ టీకా గురించి ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి.

గురుకులంలో ఉన్నవాళ్లకు

ప్రిన్సిపాల్‌కు ఇచ్చే డాక్టర్ సర్టిఫికెట్‌లో 'దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి' అని రాయించుకుంటే చాలు, హెచ్‌ఐవీ మాట రాయనక్కర్లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ విషయం బయటపెట్టడం, దాని పేరుతో చదువుకు అడ్డుచెప్పడం నేరుగా తప్పు. సందేహం ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం. సర్టిఫికెట్‌లో మూడు విషయాలు రాయించండి: పొద్దున, సాయంత్రం తెమడ తీయడానికి ఇరవై నిమిషాలు, వంటగదికి దూరంగా మంచం, పీఈటీ పీరియడ్‌లో తన వేగంతో ఆడే వీలు.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీ సంగతి కూడా పిల్లవాడికే నేర్పాలి. ఐరన్, కాల్షియం, అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న కడుపుమంట మందులు డోల్యుటెగ్రావిర్‌ను పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఐరన్, కాల్షియం అన్నం తింటూ ఏఆర్‌టీ గోలీతో కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతో కలపకూడదు. కడుపుమంట మందులైతే అన్నంతోనైనా కలపకూడదు. వేరుగా వేసుకునేట్టయితే ఏఆర్‌టీ గోలీ రెండు గంటలు ముందు గాని, ఆరు గంటల తరువాత గాని ఉండాలి. రాత్రి భోజనం తరువాత ఏఆర్‌టీ వేసుకునే పిల్లలకు మధ్యాహ్నం బడిలో ఇచ్చే ఐరన్ గోలీతో ఇబ్బంది రాదు, నడుమ ఆరు గంటలు దాటుతాయి.